సిత్తాళు

"చదువు నేర్పమని పంపితే దినమంతా కొయ్యముక్కలతో ఆడిస్తారా?" అంటూ సోగత్తూరు బాలవాడి టీచరమ్మ మీదికి లేచాడు, ముప్పైయేళ్లుగా గోడలు కడుతున్న హనుమంతప్ప మేస్త్రి.

టీచరమ్మ ఆయన మనవరాలిని చూపించింది. నాలుగేళ్ల కీర్తిక పేర్చిన ముక్కల గోడ అప్పుడే కూలింది. హనుమంతప్ప చెయ్యి ఊరుకోలేక ముందుకు పోయింది.

"తాకొద్దు తాతా! టీచరే తాకదు."

కీర్తిక మళ్లీ పేర్చింది. ఈసారి ప్రతి ముక్కా కింది రెండింటి అతుకు మీద కూర్చుంది; గోడ నిలబడింది.

"ఎవరే నేర్పించింది?"

"ఎవురూ లేదు. నాలుగుసార్లు పడిపోయింది, అంతే."

అది తెలియడానికి హనుమంతప్ప ఇటుకలందించే సిత్తాళుగా రెండేళ్లు మేస్త్రి చేత మొట్టికాయలు తిన్నాడు.

"చూస్తా నిలబడొద్దు తాతా. నేను మేస్త్రి, నువ్వు సిత్తాళు. ముక్కలు అందియ్యి."

కాసేపటికి టీచరమ్మ అడిగింది. "ఏమో కొట్లాడేదానికి వచ్చినారే?"

"ఉండమ్మా," అన్నాడాయన ముక్కలేరుతూ. "మేస్త్రి తిడుతుంది!"