కంప్యూటర్ లేని బండి

బాబూరావు కొత్త కారు వాగులో ముందు చక్రాలు దించిందో లేదో, ఆగిపోయింది.

ముందున్న తెర మీద ఎర్రలైటు వెలిగింది. తర్వాత పసుపుది. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. గేర్లు కూడా తనంతట తనే మార్చుకునే కారు అది. బాబూరావు మీట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. సెన్సార్లలోకి నీళ్ళు పోయాయట. షోరూం మనిషి వచ్చి లాప్‌టాప్ తగిలిస్తే గాని కదలదట.

కారులో ఉన్నది ముసలయ్య, సుశీలమ్మ. మిరప నారుమడి మీద కప్పిన పట్టాను ఆలుమగలిద్దరూ చెరో కొస పట్టుకుని ఎత్తారు. కింద నాగుపాము. కాటు పడనే పడింది. ఇక పెద్ద దవాఖానాకు చేరితే బతుకు, చేరకపోతే లేదు.

టేకులపల్లి మీదుగా దవాఖానాకు పోయే తారురోడ్డు మీద కల్వర్టు ఆ పొద్దున్నే కొట్టుకుపోయింది. అంబులెన్సు రాలేనన్నది. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరూ నాట్లకు పోయి వాగు అవతలే చిక్కింది. మిగిలింది అడవిదారి. ఆ దారికి అడ్డంగా ఈ వాగు.

బాబూరావు కారు కనపడితే చాలు, అగ్గిపెట్టె అని వెక్కిరిస్తాడు ముసలయ్య. ఆ రోజు మాత్రం మారుమాట లేకుండా అందులో ఎక్కి కూర్చున్నాడు. అది ఆగిపోయాక కూడా ఎగతాళి చేయలేదు.

"లాల్‌సింగూ, నా జీపు మీది పట్టా గుంజు" అన్నాడంతే.

ఆ జీపు వాగు ఒడ్డునే, ముసలయ్య ఇంటి పక్క రేకుల కింద ఉంటుంది. బొగ్గుబావి వర్క్‌షాపులో రిటైరయ్యేటప్పుడు వేలంలో కొన్నాడు. దాని వయసు బాబూరావు వయసుకన్నా ఎక్కువ. ఇనుము, తీగెలు, డీజిలు తప్ప అందులో ఇంకేం లేవు. కంప్యూటర్ లేని బండి ఊరికొకటి ఉండాలని, ఎప్పుడో ఒక ఆపదలో అదే అక్కరకొస్తుందని ఆయన వాదన. వారం వారం స్టార్టు చేసి వాడకట్టంతా నల్లపొగ నింపేవాడు. ఫ్యాను బెల్టు దగ్గర్నుంచి మోకు దాకా అన్నీ జతలు జతలుగా దాచాడు. సుశీలమ్మ దాన్ని 'నా సవతి' అనేది.

సాయానికి వచ్చిన పక్క తండా లాల్‌సింగ్ హ్యాండిల్ వేసి తిప్పాడు. జీపు దగ్గింది, ఉమ్మింది, అందుకుంది.

ఆశా కార్యకర్త మధులత అప్పటికే కాటు మీద మెత్తగా గుడ్డ చుట్టింది. కదలొద్దు, నిద్రపోవద్దు, రెప్పలు వాలాయంటే విషం ఎక్కుతున్నట్టే అని చెప్పింది. జీపు కదలబోతుంటే ముందుకొచ్చి నిలబడింది.

"ఇది పద్ధతి కాదు తాతా."

"ఇంకో పద్ధతి ఉంటే చెప్పు బిడ్డా. గట్లనే చేద్దాం."

మధులత పక్కకు జరిగింది.

వెనక సీట్లో సుశీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఓ పక్కకు ఒరిగింది. లాల్‌సింగ్ ముందు కూర్చున్నాడు. జీపు వాగులో దిగింది. నీళ్ళు లోపలికొచ్చి పాదాలు ముంచాయి. ఇంజను మాత్రం బురదలో ఎద్దులా గుంజి గుంజి అవతలి గట్టెక్కింది.

అడవిలో దారి దారిలా లేదు. మూడో గేరు జారిపోతుంది, చేత్తో అదిమి పట్టాలి. బ్రేకును ముందు నుంచే తొక్కుతూ రావాలి. స్టీరింగ్ సగం తిప్పాక గాని చక్రాలకు సంగతి తెలియదు.

"సుశీలా, మాట్లాడు" అన్నాడు ముసలయ్య.

"ఏం మాట్లాడాలె?" ఆమె నోట్లోంచి కొంగు తీసింది.

"తిట్టు. రోజూ తిట్టేదే. మాట ఆగొద్దు."

ఆమె తిట్టింది. ఈ తుక్కు ఇంటికొచ్చిన నాటి నుంచి తన బతుకు తుక్కయిందన్నది. దీని కోసం కోళ్ళగూడు పీకించాడన్నది. తమ్ముడి పెళ్ళికి దీంట్లో పోతే పట్టుచీరకు గ్రీజు అంటి, పెళ్ళివారంతా తననే మెకానిక్ అనుకున్నారన్నది. అక్కడికొచ్చేసరికి ఏడుపు తన్నుకొచ్చి మాట ఆగింది.

"ఆపకు" అన్నాడు ముసలయ్య. ఈసారి బతిమాలినట్టే అన్నాడు.

అద్దం మసకగా ఉందని విసుక్కున్నాడు. చేత్తో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఒక మలుపులో జీపు నేరుగా మద్దిచెట్టు మీదికి పోయింది. లాల్‌సింగ్ స్టీరింగ్ పట్టుకుని పక్కకు గుంజాడు.

"కాకా, చెట్టు."

"చూసిన."

చూడలేదని ముగ్గురికీ తెలుసు.

ఇంకెంత దూరమని సుశీలమ్మ అడిగింది. వచ్చేసినమన్నాడు లాల్‌సింగ్. అడవి మాత్రం అయిపోవడం లేదు.

"సుశీలా."

"ఆఁ."

"ఉన్నవా?"

"ఉన్న. నేనేడికి పోత?"

ఆ తర్వాత ముసలయ్య ఏమీ అడగలేదు. సుశీలమ్మే తనంతట తను తిడుతూ వచ్చింది, తిట్లు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి.

చివరికి తారురోడ్డు తగిలింది. దవాఖానా గేటులోంచి దూసుకుపోయిన జీపు ప్రహరీగోడకు రాసుకుంటూ పోయి ఆగింది. ఇంజను ఇంకా మోగుతూనే ఉంది. సిబ్బంది స్ట్రెచర్ తోసుకుంటూ పరుగున వచ్చి, వెనక సీట్లోని సుశీలమ్మ భుజాల కింద చేతులు వేశారు.

ఆమె ఆ చేతులు విదిలించుకుని దిగి, ముందు వైపుకొచ్చి, స్టీరింగును బిగించి పట్టుకున్న ముసలయ్య వేళ్ళను ఒక్కొక్కటే విడదీస్తూ అన్నది: "పాము కరిచింది ఈయనను సారూ, గీ బండి నడపుడు ఇంకెవలకూ నేర్పలే."