పాల చక్కెర అలక

"బాగ తోమినా సామీ. బూడిదేసి తోమి, కడప బండ మీద ఎండకు బోర్లిచ్చినా. ఎంత కంపు కొడతాండెనో!" అంది గది ఊడ్చే హులిగెమ్మ.

గాజు గొట్టాలు తళతళ మెరుస్తున్నాయి. వాటిలో ఉండవలసిన బాక్టీరియా మాత్రం లేవు. మహానంది ఒక్కో గొట్టాన్నీ ఎత్తి వెలుగులో చూశాడు.

"అన్నీ తోమినావా?"

"ఒక్కటీ ఇడ్సలే. ఆదివారం పెద్దాయన వస్తాండాడంటిరి కదా!"

ఆ పెద్దాయన మద్రాసు ప్రొఫెసర్ తిమ్మయ్య. ఆ బాక్టీరియాను మహానందికి ఇచ్చింది ఆయనే. పారిస్ నుంచి తెప్పించిన మేలు జాతి అని వాటికి పెద్ద పేరు. గ్లూకోజు, పాల చక్కెర కలిపి పెడితే ముందు గ్లూకోజు తినేస్తాయి. అది అయిపోయాక కొత్తల్లుళ్ళలా కాసేపు అలిగి, ఆ తర్వాతే పాల చక్కెర ముట్టుకుంటాయి. దాన్ని అరిగించే జన్యువును అప్పటిదాకా నిద్రపుచ్చేదెవరు, అప్పుడు లేపేదెవరు? భౌతికశాస్త్రం చెప్పే మహానంది గొట్టంలోంచి వెలుగు పంపి, బాక్టీరియా పెరిగేకొద్దీ అది ఎంత మసకబారిందో కొలిచి, ఆ అలకను గీతగా గీస్తున్నాడు. తిమ్మయ్య కళ్ళారా చూసి సరే అంటేనే డాక్టరేటు. లేదంటే, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయాక దొరికిన ఈ ఖాళీ గది కూడా దక్కదు. విరిగిన బెంచీలు పడేసుకోడానికి కాలేజీవాళ్ళు దాని మీద కన్నేశారు.

మహానంది అన్నం మానేసి ఆలోచించాడు. ఈ బాక్టీరియా కాపురముండేది మనిషి పేగుల్లో. పేగులు తనకూ ఉన్నాయి. మర్నాడు పొద్దున చెంబు పట్టుకుని వెళ్తూ ఒక గాజు గొట్టం కూడా తీసుకెళ్ళాడు.

ఆదివారం తిమ్మయ్య సూటూ బూటుతో దిగాడు. ప్రయోగమంతా పక్కనే కూర్చుని చూశాడు. గీత అనుకున్నట్టే పైకి లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది. మహానంది ఊపిరి పీల్చుకునేలోగా ప్రొఫెసర్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"నా బాక్టీరియా ఇంతకన్నా ఎక్కువసేపు అలుగుతాయి. ఇవి తొందరగా లొంగిపోయాయి. ఇది నేనిచ్చిన జాతి కాదు."

మహానంది లేచి నిలబడ్డాడు. "కాదు సార్. మీవి చచ్చిపోయినాయి. హులిగెమ్మ తోమేసింది."

"మరి ఇవి ఎక్కడివి?"

"ఈడివే సార్."

"ఇక్కడివంటే? కర్నూలువా?"

"కాదు సార్... నావే."

తిమ్మయ్య చేతిలోని గొట్టాన్ని మెల్లగా కింద పెట్టి, రుమాలుతో వేళ్ళన్నీ తుడుచుకున్నాడు.

"తప్పే సార్. శానా సిగ్గుగా ఉండాది," అన్నాడు మహానంది తల వంచుకుని. "డాక్టరేటు పోతే పోనీండి. నేనే నేరుగా పారిస్‌కు ఉత్తరం రాసి ఆ జాతిని మళ్ళీ తెప్పిస్తా. మీరు అచ్చేసిన గీతలన్నీ దాంతోనే మొదట్నుంచి గీసి, సరిచూసి..."

ప్రొఫెసర్ ముఖం పాలిపోయింది. లేచి వెళ్ళి తలుపు మూశాడు. టై వదులు చేసుకుని, బల్ల మీదున్న మహానంది థీసిస్ లాక్కుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా గబగబా సంతకం పెట్టేశాడు. అంతసేపూ మద్రాసు మర్యాదతో మాట్లాడిన మనిషి నోటి నుంచి ఉన్నట్టుండి కడప జిల్లా ఊడిపడింది.

"ఆ ఉత్తరమొక్కటి రాయొద్దప్పా, నీకు దండం పెడతా! పారిస్‌వి ఓడలోనే చచ్చినాయి... ఇన్నేండ్లుగా దేశంలో మీరంతా చక్కెర పెట్టి సాకుతాండేటివి నావి!"