రాణికి కాపడం

"ఓర్చుకో అమ్మా, అయిపోయింది" అంటూ మోషే వేడినీళ్ళలో పిండిన తువ్వాలు ముసలికుక్క రాణి వెనకకాలికి చుట్టాడు.

గుమ్మంలో నిలబడ్డ భార్య దయామణి పెదవి విరిచింది. "నాతో ఒక్కనాడైనా ఇంత మెత్తగా మాట్లాడారా?"

"కీళ్ళనొప్పులే దీనికి! జారకూడదన్నారు అవనిగడ్డ డాక్టరుగారు."

అందుకే ఇంట్లో టైల్సు నిండా రబ్బరు చాపలు పరిచాడు. అదే టైల్సు మీద దయామణి రెండుసార్లు జారిపడితే, "చూసి నడవాలి" అని ఊరుకున్నాడు.

రాణి కుయ్యిమని కాలు లాక్కుంది.

"అలా అదమకండి, ప్రాణం పోతుంది!" దయామణి విసుక్కుంది. "నొప్పి మోకాలిచిప్ప మీద కాదు, లోపలివైపు ఉంటుంది. ఊరికే వేడి తగలనివ్వండి."

మోషే అలాగే చేశాడు. రాణి కళ్ళు మూసుకుంది.

"డాక్టరుగారు కూడా ఇంత వివరంగా చెప్పలేదు. నీకెలా తెలుసు?"

అది ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో ఆయనకే తట్టాలని దయామణి చూస్తూ నిలబడింది. మోషే చూపు మెల్లగా ఆమె మోకాళ్ళ దగ్గరికి దిగింది. ముఖం పాలిపోయింది.

"దయా... ఎన్నాళ్ళ నుంచి?"

"మందిరంలో అందరూ మోకరిస్తుంటే నేనొక్కదాన్నే కుర్చీలో కూర్చోబట్టి ఆరేళ్ళు. పాస్టరుగారు కూడా అడిగారు, ఏమైందమ్మా అని."

"రేపే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను."

"ఎవరి దగ్గరికి? పశువుల డాక్టరుగారి దగ్గరికా?"

ఆమె రాణి పక్కన కూర్చోబోతుంటే మోషే గబుక్కున లేచి చెయ్యి అందించాడు. దయామణి ఆ చేతిని ఒకసారి చూసి, గోడ పట్టుకునే కూర్చుంది.