ఎర్రబడని పేరు

"కాలోను చంపింది జ్వరం కాదు, డారెన్. మీ ఆఫీసు!" అని బల్ల మీద చరిచాను.

"నోటికొచ్చినట్టు వాగకు. వాడికి ఒంట్లో బాగాలేదని మీలో ఒక్కరన్నా చెప్పి ఏడ్చారా?" అన్నాడు డారెన్. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మేం పనిచేసే టమాటా తోటకి అతను మేనేజరు.

వనువాటు దీవుల నుంచి వచ్చిన మా కూలీల మేస్త్రి లైసాలే నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కళ్లలో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

"రోజూ హాజరు షీట్లో కాలో పేరు పక్కన సిక్ అని రాశాను బాస్," అంది.

డారెన్ కంప్యూటర్ మా వైపు తిప్పాడు. "ఇదిగో, ఆ గడిలో సిక్ అని పడితే ఆ వరస అక్షరాలు వాటంతటవే ఎర్రబడతాయి. ఎరుపు కనపడగానే డాక్టరుకి ఫోన్ చేస్తాను. కాలో వరసంతా నలుపే. చూసుకోండి."

వంగి చదివాను. ప్రతి గడిలోనూ నల్లగా ఉంది. ఎస్, ఐ, కె. మా బిస్లామా భాషలో సిక్ అని అలాగే రాస్తాం.

"స్పెల్లింగ్ తప్పు రాస్తే నన్నేం చెయ్యమంటారు?"

"మా భాషలో అదే ఒప్పు బాస్," అంది లైసాలే. చెయ్యి చాపి, ఐ పక్కన సి కొట్టింది.

కాలో పేరు ఎర్రబడింది.



"రోజూ తెరుస్తావుగా. కనపడలేదా?" అన్నాను.

"తెరుస్తాను." అతని గొంతు తగ్గింది. "చదవను. రంగు చూస్తానంతే."

ఇక అరవాలని కూడా అనిపించలేదు.

"ఆ రంగులు తీసెయ్. ఇప్పుడే, మా ముందే. రేపట్నుంచి ఒక్కొక్క పేరూ చదువు. నల్లగా ఉన్నా చదువు."