శ్యామలకు ఎదురుగా

మేస్త్రీ శివరాజ్ తాపీ కింద పెట్టేశాడు. పాస్టరయ్యను అడగకుండా ఇంకో ఇటుక కూడా పేర్చనని సుమిత్రకు తేల్చి చెప్పాడు.

జహీరాబాదులో చర్చి వెనక శ్మశానంలో అందరి తలలూ పడమటికే ఉంటాయి. పునరుత్థాన దినాన లేచి కూర్చుంటే ముఖం తూర్పుకు ఉండాలని ఆనవాయితీ. ఒక్క పాస్టర్లకే తల తూర్పున పెడతారు, తమ సంఘాన్ని చూస్తూ లేవాలని. సుమిత్ర తండ్రి దేవరాజ్ పాస్టరు కాదు, రిటైరైన ఇంగ్లిషు టీచరు. బతికుండగానే సమాధి కట్టించుకుంటున్నాడు. అదీ భార్య శ్యామల పేరు చెక్కిన సమాధికి కాళ్ల వైపున, తల తూర్పుకు పెట్టి.

ఊరంతా నవ్వుతుంటే సుమిత్రకు తల కొట్టేసినట్టయింది. పాస్టరు జగన్‌మోహన్ చెబితేనైనా వింటాడని ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది.

పాస్టరు మెల్లగా నచ్చజెప్పబోయాడు. దేవరాజ్ అంతా విని, క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాడు.

"ఇంగ్లిష్‌ల ఓరియంట్ అని ఒక క్రియ ఉన్నది అయ్యగారూ. దిక్కు తెలుసుకునుడు, తొవ్వ పట్టుకునుడు అని పిల్లలకు అర్థం చెప్పేటోణ్ణి. దాని మూలం లాటిన్‌ల పొడిచే పొద్దు. ఫ్రెంచోళ్ల దగ్గర అది తూర్పుకు తిరుగుడు అయింది. తూర్పు దొరికితే తొవ్వ దొరికినట్టేనని వెనకటోళ్ల లెక్క."

"మరి మీరు గూడ అటే తిరగాలె గద సారూ," అన్నాడు పాస్టరు.

"మా ఇంటామెకు తూర్పు దొరికినా తొవ్వ దొరకదు."

అది నిజమే. ఝరాసంగంలో పుట్టింటికి వెళ్లొచ్చి ఆటో దిగితే, బస్టాండు నుంచి ఇల్లు ఎటో శ్యామలకు తెలిసేది కాదు. సంతలో చెయ్యి వదిలితే అక్కడే బిక్కమొహం వేసుకుని నిలబడేది. దేవరాజ్ ఎదురుగా వచ్చి కనిపిస్తేనే అడుగు కదిపేది. రానురాను సొంత వీధి కూడా మరిచిపోయింది. వీధి చివర నిలబడి ఆమెను పిలుచుకురావడమే ఆయన పని అయింది.

"ఆ దినం లేస్తే ఆమెకు సూర్యుడే కనవడతడు," అన్నాడు దేవరాజ్. "సూర్యుణ్ణి చూసి ఆమె ఏం చేస్తది? భయపడతది. ఎదురుంగ నా మొఖం ఉండాలె. జర మన్నించున్రి."

పాస్టరు సంఘ పెద్దలకు తాను చెప్పుకుంటానని చెప్పి, పని కానివ్వమని శివరాజ్‌కు సైగ చేశాడు. శివరాజ్ కండువాతో కళ్లు తుడుచుకుని మళ్లీ తాపీ అందుకున్నాడు.

తండ్రిది చాదస్తమనుకున్నందుకు సుమిత్రకు సిగ్గేసింది. దగ్గరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. ఒక ప్రశ్న గొంతుదాకా వచ్చింది కానీ, ఆ సమాధిని చూస్తున్న ఆయన ముఖం చూసి మింగేసింది.

తప్పిపోయిన శ్యామల దొరకనే లేదు, ఆ రాయి కింద ఉన్నది ఆమె చీర ఒక్కటే.