మూడో కుర్చీ

తీసేసిన కుర్చీ తెల్లారేసరికి మళ్ళీ నడవాలోకి వచ్చింది.

క్యాన్సర్ మందులు నా ఒంట్లో సత్తువంతా పిండేశాక డాక్టరమ్మ చెప్పిన పద్ధతి ఇది: పొద్దున్నే నీరసానికి ఒక మాత్ర, ఆపైన నడవాలో నడక, అలసిపోతే కూర్చోడానికి మూడు కుర్చీలు. ఓపిక వచ్చేకొద్దీ ఒక్కొక్కటే తీసెయ్యాలి. రెండు తీసేసి నెలైంది. వంటింటి మలుపు దగ్గరున్న మూడోదాన్ని నిన్ననే గదిలో పెట్టాను.

“నేను పడిపోతానని నీ భయమా?” అని మా ఆవిడ మీద విసుక్కున్నాను.

“ఉంటే ఏం పోయిందండీ, మీరు నడవండి,” అంది తడిబట్టల బకెట్టు ఎత్తుకుంటూ.

నా అసలు భయం వేరే ఉంది. నెలకని ఇచ్చిన మాత్రల డబ్బా ఈసారి ఇరవై రోజులకే అడుగంటింది. వేసుకున్న సంగతి మరిచి మళ్ళీ వేసుకుంటున్నానేమో. రోగం మెదడుకి పాకిందేమో. ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పూట మొదటిసారి ఎక్కడా ఆగకుండా నడిచాను. ఆ మాట చెబుదామని మలుపు తిరిగితే, కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. బట్టలింకా బకెట్టులోనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని గోడకి తల ఆనించింది. గుప్పిట్లో నా మాత్రల డబ్బా.

“ఎన్నాళ్ళ నుంచి నీకీ నీరసం?”

ఆమె ఉలిక్కిపడి డబ్బా వెనక్కి దాచబోయింది.

“రెండు నెలలైందేమో. ఏం లేదండీ, పనెక్కువైందంతే.”

పరీక్షలకు వెళ్ళకముందు ఆర్నెల్లపాటు నేను ఆమెతో అన్న మాటా అదే.