పాత పెట్టెలో మాస్టారు

మూడుసార్లు కుయ్యిమని కంప్యూటర్ ఆగిపోయింది.

ప్రవల్లిక మళ్ళీ స్విచ్ నొక్కింది. మళ్ళీ మూడుసార్లు.

"నాన్నా, మాస్టారు మాటాడ్డం లేదు."

ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. రెండేళ్ళ కిందట ఎవరో దాతలు ఆ కంప్యూటర్ ఇచ్చారు. అప్పటికే అది పాతది. ఇంటర్ పుస్తకాలన్నీ ఎవరో ఒకాయన చదివి అందులో పెట్టాడు. పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు. ప్రవల్లికకు ఆయన మాస్టారు, అంతే.

బొమ్మలొచ్చినా ఆయన వదిలేవాడు కాదు. "ఇక్కడ పటం ఉందమ్మా. ఎడమ అరచెయ్యి చాచు. నడివేలి కొసన హిమాలయాలు, మణికట్టు దగ్గర కన్యాకుమారి. వేలు పెట్టి చూసుకో" అనేవాడు. చివరి పాఠాల్లో దగ్గు ఎక్కువైంది. దగ్గి, నీళ్ళు తాగి, ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవాడు.

పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయి.

తండ్రి పరదేశి ఆ పెట్టెను బండి మీద కట్టుకుని చోడవరం మెయిన్ రోడ్డులోని శ్యామ్ సుందర్ కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళాడు.

"బోర్డు పోయింది. ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు. వెతికి తెప్పించి బాగు చేసినా ఎన్నాళ్ళు పనిచేస్తాదో సెప్పలేను. ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది పట్టుకెళ్ళిపో" అన్నాడు శ్యామ్ సుందర్.

"ఇందులో కళ్ళు లేని మా గుంట ఇనే పాఠాలున్నాయి బాబూ. కొత్తదాన్లో వస్తాయా?"

"నెట్ పెట్టించుకో. రాని పాఠం ఉండదు."

పరదేశికి నమ్మకం కుదిరింది. కొత్త టీవీ కొంటే పాత టీవీలో వచ్చిన సినిమాలు రావూ?

"పెట్టె ఇక్కడే ఉండనీ, రేపొచ్చి సెప్తాను. మా ఇల్లు గోవాడ రోడ్డులో, చెరుకు కాటా ఎనకాల" అని అడ్రసు చెప్పాడు.

ఆ మాటలు వింటూ మూల కూర్చున్న ముసలాయన లేచాడు. మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. వచ్చి ఆ పాత పెట్టెను నిమిరాడు. పరదేశికేసి తిరిగి, వద్దు వద్దని చేతులు ఊపాడు.

"ఎవరీయన?"

"తెలీదు. మూగోడు. ఫోన్ బాగుకిచ్చి కూకున్నాడు."

ముసలాయన గబగబా కాగితం మీద ఏదో రాసి పరదేశి చేతిలో పెట్టాడు.

"ఏటి రాసేడు?" అన్నాడు శ్యామ్ సుందర్.

పరదేశి కాగితాన్ని కాసేపు గంభీరంగా చూశాడు. చదువు రాదని నలుగురిలో ఒప్పుకోవడం కన్నా అబద్ధమాడ్డం తేలిక.

"ఏదో సాయం అడుగుతన్నాడు" అని జేబులో పెట్టుకున్నాడు.

ముసలాయన తెల్లబోయాడు. కాదు కాదని తల ఊపాడు.

"ఇక్కడ అడుక్కోకూడదు. నీ ఫోనట్టుకుని నడు" అని శ్యామ్ సుందర్ ఆయన్ని మెట్లు దింపేశాడు.

మర్నాడు పొద్దున్న ప్రవల్లిక అరుగు మీద కూర్చుని ఉంది. గేటు చప్పుడైంది.

"ఎవరూ?"

అడుగులు దగ్గరకొచ్చాయి.

"ఎవరండీ? మాటాడరేం?"

ఎవరో ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నారు. మూసి ఉన్న గుప్పిట విప్పబోయారు.

ప్రవల్లిక కెవ్వుమంది.

పెరట్లోంచి పరదేశి పరుగున వచ్చాడు. "గుడ్డి పిల్లని సెయ్యట్టుకుంటావా!" అంటూ ముసలాయన్ని మెడపట్టి గెంటాడు. తువ్వాలు జారిపోయింది. గొంతు మధ్య కన్నం కనిపించింది. పరదేశి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ, నోరు ఊరుకోలేదు. ఆ తిట్లు ఇక్కడ రాయలేం.

ముసలాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చింది. అందులో పాఠాలున్నాయి. ఎవరెవరో చెప్పారు, చాలా బాగా చెప్పారు. ఒక్కరూ అరచెయ్యి చాచమనలేదు.

"మాస్టారు లేరు నాన్నా."

"సరిగ్గా సూడమ్మా."

"అంతా ఎతికేను. లేరు."

కూతురు అన్నం ముట్టలేదు. రెండో రోజూ ముట్టలేదు. మూడో రోజు పరదేశి షాపుకి పరుగెత్తాడు.

"పాత పెట్టెల లోడంతా నిన్ననే తుక్కుకి పోయింది. పంపేముందు డిస్కులకి డ్రిల్లుతో కన్నాలు కొట్టేస్తాం. నీ సరుకు పైవాళ్ళకి దొరక్కూడదు కదా" అన్నాడు శ్యామ్ సుందర్.

"ఇంకేటీ సెయ్యలేమా బాబూ?"

"కన్నం పడ్డాక ఏటి సేస్తాం?" అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఆ మూగాయన కూడా నిన్న వచ్చేడు. పాత పెట్టె ఏదని సైగ చేసేడు. పోయిందన్నాను. ఆ మెట్టు మీద కూలబడి సీకటి పడేదాకా లేవలేదు. ఏ ఊరోడో మరి."

పరదేశి ఇంటికొచ్చి, మేకుకున్న చొక్కా జేబులోంచి కాగితం తీసి పక్కింటి గ్లోరియా టీచరు చేతిలో పెట్టాడు. చదువు రాదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గనిపించలేదు. ఆ సిగ్గు మూడు రోజుల ముందే చచ్చి ఉంటే బాగుండేది.

టీచరు చదివింది.

"బాబూ, చెడింది బోర్డు. పాఠాలున్న డిస్కు వేరే ఉంటుంది. దాన్ని విప్పి కొత్తదాంట్లో పెట్టమనండి. పెట్టె పోయినా పరవాలేదు, డిస్కు పారెయ్యకండి. ఆ పాఠాలు ఇంకెక్కడా లేవు."

టీచరు కాగితం మడవబోయింది.

"ఇంకా ఉందాండీ?" అంది ప్రవల్లిక. ఎడమ అరచెయ్యి ఒళ్ళో తెరుచుకుని ఉంది.

"ఒక్క ముక్క ఉందమ్మా" అని టీచరు చదివింది. "మళ్ళీ చదివి పెడదామంటే, నాకిప్పుడు గొంతు లేదు."